జపాను దేవుడికి పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు, ఫింటాస్‌లో మా ఫ్లాటుకి ఎదురు ఫ్లాటులో ఒక జపాను దేవుడు ఉండేవాడు. ఈ మాట ఇప్పుడు మా మనవలకి చెబితే ముసిముసిగా నవ్వుకుంటారు. కువైట్ ఏమిటి, జపాను దేవుడేమిటి, అమ్మమ్మకి మతి పోయింది అనుకుంటారు కాబోలు. ఉండేవాడు మరి. మా తలుపుకీ ఆయన తలుపుకీ మధ్య ఒక చిన్న వరండా, ఒక చెప్పుల స్టాండు, ఎప్పుడూ వెలుగుతూ ఆరుతూ ఉండే ట్యూబులైటు. అంతే దూరం.

మా నాన్న సబ్హాన్‌లో ఒక వర్క్‌షాపులో స్టోరు చూసేవారు. మాది కోనసీమ. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు, మా తమ్ముడికి ఐదు. మా బాల్కనీలోంచి సముద్రం సన్నటి గీతలా కనిపించేది. ఇవాళ కాలు పెట్టడానికి చోటులేని పక్క పేట మహబూలా అప్పట్లో ఉత్త ఇసుక. ఆదివారం గుడికి, శనివారం గుడికి అని వెళ్ళడానికి మనకి ఇక్కడ గుళ్ళెక్కడివి? ప్రతి ఇంట్లోనూ వంటింటి అలమరలోనో, పడగ్గది బీరువా పక్కనో దేవుళ్ళు సర్దుకుని ఉండేవారు. పిల్లల్ని చెయ్యి పట్టుకుని ఇంకో గుమ్మం దాటించి దేవుడి దగ్గరికి తీసుకెళ్ళడమనేది నాకు తెలిసి ఆ ఎదురు ఫ్లాటుతోనే మొదలు.

అక్కడుండే జపాను ఆయన సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే కర్మాగారంలో ఇంజనీరు. పొద్దున్నే వెళ్తే పొద్దుగూకాకే రావడం. ఆయన భార్యని మేము జపాను అమ్మమ్మ అనేవాళ్ళం. అరవై దాటిన మనిషి. మెడ దాకా కత్తిరించిన తెల్ల జుట్టు, నడుముకి ఎప్పుడూ ఒక నీలం ఏప్రను. పిల్లలు పెద్దవాళ్ళై వాళ్ళ దేశంలోనే ఉన్నారట. ఆవిడ ఇంగ్లీషూ కుంటేది, నా ఇంగ్లీషూ కుంటేది, మధ్యలో ఇద్దరికీ తెలిసిన నాలుగు అరబ్బీ మాటలు. మిగతాదంతా చేతులూ కళ్ళూ చూసుకునేవి.

ఆవిడ లోపలి గదిలో గోడకి ఎత్తుగా ఒక చెక్క బల్ల ఉండేది. దాని మీద ఒక బుల్లి చెక్క గుడి. రంగు లేదు, వార్నీషు లేదు, అప్పుడే చిత్రిక పట్టినట్టు తెల్లగా ఉండేది. రెండు చిన్న తలుపులు, వాటి ముందు కాస్త కిందికి వంచి పెట్టిన గుండ్రటి అద్దం, పైన గడ్డితో పేనిన తాడు, తాడుకి మెట్లు మెట్లుగా మడిచిన తెల్ల కాగితాలు. మూడు గిన్నెల్లో బియ్యం, ఉప్పు, నీళ్ళు. రెండు పక్కలా పచ్చటి కొమ్మలు. వాళ్ళ దేశంలో దేవుడికి పెట్టే చెట్టు వేరే ఉందట. ఇక్కడ అది దొరక్క రోడ్డు పక్కనున్న రేగుచెట్టు రెమ్మలు తెచ్చి, ముళ్ళన్నీ ఒక్కొక్కటే గిల్లేసి పెట్టేది. లోపల విగ్రహం లేదు, పటం లేదు. ఆ తలుపుల వెనక ఏముందని అడిగితే, వాళ్ళ ఊరి గుడిలో ఇచ్చిన చీటీ అంది. చీటీ ఏం దేవుడు అనుకున్నాను. నాకు అప్పటికే లోకంలో అన్నిటి మీదా ఒక అభిప్రాయం ఉండేది. ఇప్పుడూ తగ్గలేదనుకోండి.

శుక్రవారం సాయంత్రం, మసీదులో అసర్ నమాజు అయిపోయి ఎండ కాస్త వాలాక, ఆవిడ తలుపు తీసి పెట్టేది. అంటే పిల్లలు రావచ్చని. మా అమ్మ అడ్డు చెప్పేది కాదు. ఏ దేవుడైతేనేం, గంటసేపు కుదురుగా ఉంటారు అనేది. మేం కాక ఇంకో ఇద్దరు వచ్చేవారు. మా బిల్డింగు పక్కనే ఒక కువైటీ కుటుంబం విల్లా ఉండేది. ఆ ఇంట్లో పనిచేసే అక్కది రాయచోటి. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనివాళ్ళు మామా అంటారు కాబట్టి మేమూ ఆవిడని మామా అనే అనేవాళ్ళం. మామా చిన్న కూతురికి నాలుగేళ్ళు. జపాను అమ్మమ్మ కాగితాలతో కొంగలూ కప్పలూ చేసిస్తుందని ఆ పిల్లకి మహా సరదా. అందుకని మామా అక్కని తోడిచ్చి ఆ ఒక్క గంటా పంపించేది. అయితే పిల్ల హాల్లోనే ఉండాలి, దేవుడి గదిలోకి వెళ్ళకూడదు అని మామా ముందే చెప్పింది. జపాను అమ్మమ్మ అలాగేనని తల వంచింది. మా తమ్ముడూ ఆ పిల్లా హాల్లో కాగితం కప్పల్ని గెంతిస్తూ ఉంటే, నేనూ అక్కా వంతులవారీగా లోపలికి వెళ్ళొచ్చేవాళ్ళం.

వెళ్ళడానికో పద్ధతి ఉంది. బాల్కనీలో ఒక ఇత్తడి గిన్నె, ఒక చెక్క గరిటె. ముందు ఎడమ చెయ్యి కడుక్కోవాలి, తరవాత కుడి చెయ్యి, తరవాత నోరు పుక్కిలించాలి. ఎండాకాలంలో కుళాయి నీళ్ళు చెయ్యి పెట్టనిచ్చేవి కావు, అందుకని గిన్నెలో ఐసుముక్కలు వేసి ఉంచేది. గదిలోకి వెళ్ళాక రెండుసార్లు నడుము వంచి నమస్కారం, రెండు చప్పట్లు, చేతులు కలిపి మనసులో చెప్పుకోవడం, మళ్ళీ ఒక నమస్కారం. మా ఇంట్లో పూజంటే గంట, కొబ్బరికాయ, క్యాసెట్టులో స్తోత్రాలు. ఇక్కడ రెండు చప్పట్లు. ఆ రెండో చప్పట తరవాత గది ఎంత నిశ్శబ్దంగా అయిపోయేదంటే, మా తమ్ముడు హాల్లో ముక్కు ఎగబీల్చుకోవడం కూడా వినబడేది.

మనసులో చెప్పుకోవడానికీ ఒక వరస ఉంది. ముందు పేరు చెప్పాలి. తరవాత ఇల్లు చెప్పాలి, ఏ ఊరు, ఏ వీధి, ఎన్నో నంబరు అన్నీ. తరవాత ఈ వారం జరిగిన మంచికి థాంక్స్ చెప్పాలి. ఇవన్నీ అయ్యాక, ఇంకా ఊపిరి మిగిలితే, ఏదైనా అడగాలి. నాకు ఇది వింతగా అనిపించింది. మా వెంకటేశ్వరస్వామికి ఎవరూ అడ్రసు చెప్పరు, ఆయనకి అన్నీ తెలుసు అన్నాను. జపాను అమ్మమ్మ నవ్వింది. మా దేవుడికీ తెలుసు, మరి నీకు తెలుసా అన్నట్టు నా గుండెల మీద వేలు పెట్టి చూపించింది. ఆవిడ వేళ్ళ దగ్గర ఎప్పుడూ ఏదో సన్నటి మంచి వాసన వేసేది, ఆ చెక్క వాసనే అనుకుంటాను.

అక్క మొదటిసారి వెళ్ళినప్పుడు చప్పట్లు కొట్టి అలాగే నిలబడిపోయింది. ఎంతకీ వంగదు. చివరికి తల తిప్పి నన్ను గుసగుసగా అడిగింది. "ఏ ఇల్లు జెప్పల్ల పాపా? మా రాయచోటిదా, ఈ మామా వాళ్ళదా?" నాకు ఠక్కున జవాబు తట్టింది. రెండూ చెప్పక్కా అన్నాను. అప్పుడు కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతూనే ఉన్నాయి చాలాసేపు. రాయచోటిలో వాళ్ళమ్మ దగ్గర ఆమెకి నా ఈడు కూతురు ఉంది. మూడేళ్ళయింది చూసి. నన్ను పాపా అని పిలిచేటప్పుడు ఒక్కోసారి ఆ పిలుపు నన్ను దాటి వెళ్తున్నట్టు ఉండేది. అది నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ఏడు వేసవిలో అక్కకి మామా దగ్గర ఒక గండం నడుస్తూ ఉండేది. హాల్లో వేలాడే పెద్ద గాజు దీపం తుడుస్తూ జారవిడిచింది. అది మామా పుట్టింటి నుంచి వచ్చిందట. మామా చెడ్డ మనిషి కాదు, జ్వరం వస్తే అక్కని తన కారులోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది. కానీ మాటంటే మాట. ఇంకోసారి నీ చేతిలో ఏదైనా పాడైతే ఖలాస్, ఇండియాకి పంపించేస్తాను అంది. ఆ సంగతి మా అమ్మకి చెబుతూ అక్క మా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. తను ఇక్కడుంటేనే అక్కడ కూతురు బడికి వెళ్తుంది. తను వెళ్ళిపోతే ఆ పిల్ల కూడా టమాటా తోటల్లోకి కూలికి పోవాల్సిందే. నేను పక్కనే హోంవర్కు చేసుకుంటూ అన్నీ విన్నాను. విన్నానని ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, తెలియక చేశాను అని చెప్పుకునే వీలు నాకు లేదు కాబట్టి.

శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం వచ్చింది. ఆ రోజు మా అమ్మని పట్టుకోవడం ఎవరి తరం కాదు. పొద్దున్నే లేచి గుమ్మానికి బొట్టు, అలమరకి బొట్టు, కుట్టుమిషనుకి బొట్టు, ఫ్రిజ్జుకి కూడా బొట్టు పెట్టేసింది. నేను తలంటుకుని జుట్టారబెట్టుకుంటూ వచ్చి నిలబడితే, బొట్టు లేకుండా ఆ మొహవేంటే అని నా నుదుటి మీదా ఒకటి అద్దింది. అప్పుడే నాకు ఎదురింటి దేవుడు గుర్తొచ్చాడు. పాపం, ఆయనకి బొట్టు లేదు. పసుపు లేదు, పువ్వు లేదు, బోసిగా తెల్లగా, ఎవరూ పట్టించుకోనట్టు ఉంటాడు. జపాను అమ్మమ్మకి తెలియక పెట్టలేదు, తెలిస్తే పెట్టేదే కదా అనుకున్నాను. నాకు నిజంగా జాలేసింది. ఇంత కుంకుమ కాగితంలో పొట్లం కట్టి ఆకుపచ్చ గౌను జేబులో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం అందరం వెళ్ళాం. జపాను అమ్మమ్మ మాకోసం తీపి పప్పుముద్దలు చేసింది, పూర్ణంలాగే ఉండేవి. మామా కూతురు చేతులూ మూతీ పూసుకుంటే అక్క కడగడానికి బాల్కనీలోకి తీసుకెళ్ళింది. అమ్మమ్మ టీ కోసం వంటింట్లోకి వెళ్ళింది. నేను లోపలి గదిలోకి వెళ్ళి, స్టూలు లాక్కుని ఎక్కాను. దేవుడి గిన్నెలో నీళ్ళలోనే వేలు ముంచి, కుంకుమలో అద్ది, ఒక తలుపుకి ఒకటి, రెండో తలుపుకి ఒకటి పెట్టాను. ఎంత బాగుందో అనుకున్నాను ఒక్క క్షణం. మరుక్షణం ఆ బొట్లు కదిలాయి. వార్నీషు లేని చెక్క తడిని పీల్చుకుంటుందని నాకేం తెలుసు. ఎరుపు చెక్క చారల వెంట పాకి, కిందికి కారి, దెబ్బ తగిలిన మోకాలిలా అయిపోయింది. గౌను అంచుతో తుడిచాను. తుడిచినకొద్దీ పెద్దదయింది. దిగేటప్పుడు కంగారులో పొట్లం జారి నేల మీద పడింది, ఎరుపంతా చిమ్మింది.

స్టూలు చప్పుడు విని అక్క పరిగెత్తుకొచ్చింది. ఒక్క చూపులో ఆమెకి అన్నీ అర్థమయ్యాయి. వంగి రెండు చేతులతోనూ కుంకుమ ఎత్తుతోంది. సరిగ్గా అప్పుడే మామా వచ్చింది. వాళ్ళింటికి చుట్టాలు వచ్చారట, కూతుర్ని తీసుకెళ్ళడానికి ఎప్పుడూ రాని మనిషి ఆ రోజే వచ్చింది. గది తలుపు దగ్గర మామా, ఆమె వెనక టీ పళ్ళెంతో జపాను అమ్మమ్మ. బల్ల మీద ఎర్రగా కారిన గుడి, కింద ఎర్రటి చేతులతో అక్క.

మామా అరవలేదు. పొరుగింటివాళ్ళ దేవుడి దగ్గర తన ఇంటి మనిషి ఇలా చేసిందనే సిగ్గుతో ఆమె మొహం కందిపోయింది. ఎవరు అని అరబ్బీలో అడిగింది. నా గౌను అంచు ఎర్రగా ఉంది. మామా ఇంకా చూడలేదు. అక్క నెమ్మదిగా లేచి, రెండడుగులు పక్కకి వేసి, నా ముందు నిలబడింది. ఆమె చీర కొంగు నా మొహానికి తగిలింది. "ఆనా, మామా" అంది. ఆనా అంటే నేను అని.

నేను మాట్లాడలేదు. ఆ కొంగు వెనక ఉన్నంతసేపూ నాకు హాయిగానే ఉంది. ఇన్నేళ్ళకీ ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, నిజం అదే. మామా ఖలాస్ అంది. ఒక చేత్తో కూతుర్ని ఎత్తుకుని వెళ్ళిపోయింది. అక్క చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఆమె వెనకే వెళ్ళింది.

ఇంటికెళ్తే అమ్మ నా గౌను చూసి, పూజ కుంకుమే అనుకుని మురిసిపోయింది. మర్నాడు మా బాల్కనీలోంచి చూస్తే విల్లా వెనక పెరట్లో అక్క తన పెట్టె తుడిచి ఎండలో పెడుతోంది. ఇంకో నాలుగు రోజుల్లో పంపించేస్తున్నారని నాన్న అన్నారు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. అంత బుద్ధిమంతురాలు, దేవుడి మీద చెయ్యెలా వేసిందో అంది. నేను అన్నం కెలుకుతూ కూర్చున్నాను. చెబితే అమ్మ కొడుతుందని భయం. నాన్న ఉద్యోగానికే ఏమైనా అవుతుందేమోనని ఇంకో భయం. మామా వాళ్ళు కువైటీలు, వాళ్ళకి కోపం వస్తే మనందర్నీ పంపించేస్తారని నాకు ఎవరు చెప్పారో గాని గట్టిగా నమ్మేశాను. ఇన్ని కారణాలు దొరికాక నోరు విప్పాల్సిన పని కనబడలేదు. రాత్రి మాత్రం అక్క కూతురు నా గౌను వేసుకుని టమాటాలు కోస్తున్నట్టు కలొచ్చింది.

ఆదివారం జపాను అమ్మమ్మ మా తలుపు కొట్టింది. శుక్రవారం వచ్చినవాళ్ళందరూ సాయంత్రం ఒకసారి రావాలంది. దేవుడికి క్షమాపణ చెప్పుకోవడం వాళ్ళ పద్ధతట. మామా దగ్గరికి కూడా తనే స్వయంగా వెళ్ళి, వంగి వంగి అడిగిందట. అంత పెద్దావిడ వచ్చి అడిగితే మామా కాదనలేక, తను హాల్లో కుర్చీలో కూర్చుంటానని ఒప్పుకుంది. అమ్మ కూడా నాతో వచ్చింది.

గుడి తలుపులు అలాగే ఉన్నాయి. కడగలేదు, గీకలేదు. కింద గిన్నెల్లో బియ్యం, ఉప్పు, నీళ్ళు మాత్రం కొత్తవి. ఐసునీళ్ళతో అందరం చేతులు కడుక్కున్నాం. ఇవాళ మనసులో కాదు, పైకి చెప్పాలంది అమ్మమ్మ. పేరు, ఇల్లు, తరవాత శుక్రవారం నేనేం చేశాను అన్నది. హాల్లో కూర్చున్న మామాకి ఆ గది గుమ్మంలోంచి అందరం కనబడుతూనే ఉన్నాం.

ముందు తనే నిలబడింది. పేరు చెప్పింది, జపానులో వాళ్ళ ఊరు చెప్పింది, ఫింటాస్ చెప్పింది. పిల్లల్ని నీ దగ్గరికి పిలిచి, వాళ్ళని ఒంటరిగా వదిలి వంటింట్లోకి వెళ్ళాను, తప్పు నాది అని మాకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పింది. చెప్పి నడుము వంచి చాలాసేపు అలాగే ఉంది. అంత తెల్లజుట్టు మనిషి, నేను చేసినదానికి, అంతసేపు వంగి ఉంది.

తరవాత అక్క. పేరు చెప్పింది. రాయచోటి చెప్పింది, ఫింటాస్ మామా వాళ్ళ ఇల్లు చెప్పింది. ఆ తరవాత మాట లేదు. మామా ముందు అబద్ధం చెప్పగలిగిన మనిషి, ఊరూ పేరూ చెప్పుకున్నాక ఆ దేవుడి ముందు చెప్పలేకపోయింది. నిజం చెబుదామంటే నేను దొరికిపోతాను. పెదాలు బిగపట్టుకుని నిలబడింది. చివరికి వట్టిగా దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంది.

నా వంతు వచ్చింది. రెండు నమస్కారాలు, రెండు చప్పట్లు. నా పేరు చెప్పాను. చెప్పానో లేదో, నా పేరు ఆ గదిలో నాకే కొత్తగా వినబడింది. ఫింటాస్ అన్నాను, బిల్డింగు నంబరు, ఫ్లాటు నంబరు చెప్పాను. ఎదురుగా గుండ్రటి అద్దంలో నా నుదుటి మీద బొట్టు, దాని వెనక తలుపు మీద నేను పెట్టిన బొట్టు. ఇంత వివరంగా నేనెవరో చెప్పేసుకున్నాక ఇక దాక్కోవడానికి ఏం మిగులుతుంది? నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నేనే బొట్టు పెట్టాను అని తెలుగులో అన్నాను. అమ్మ ఉలిక్కిపడింది. ఇంగ్లీషులో అన్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఈ మాట చేరాల్సిన మనిషి వెనక కుర్చీలో ఉందని. వెనక్కి తిరిగి, అక్క అనగా విన్న ఆ మాటతోనే మొదలుపెట్టాను. "ఆనా సవ్వేత" అన్నాను. నేను చేశాను అని.

మామా నన్ను చూసింది. తరవాత అక్కని చూసి, మరి నువ్వెందుకు చెప్పావని అడిగింది. అక్క తల దించుకుని సగీరా మామా, చిన్నపిల్ల మామా అంది. మామా లేచింది. ఒంటి మీది నల్ల అబాయా సర్దుకుంది. "యల్లా" అంది అక్కతో, ఇంటికి పద అన్నట్టు. రోజూ అనే మాటే, రోజూ అనే గొంతుతోనే. గుమ్మం దగ్గర ఆగి నా తల మీద ఒకసారి చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు చూస్తే పెరట్లో పెట్టె లేదు. అక్క ఆ ఇంట్లో ఇంకో ఆరేళ్ళు ఉంది.

ఇంటికొచ్చాక అమ్మ నా వీపు మీద ఒక్కటి వేసింది. "బొట్టెట్టినందుక్కాదే ఇది. ఆవిణ్ణి నీకు అడ్డంగా నిలబెట్టినందుకు" అంది. వేసిన చెయ్యితోనే దగ్గరికి తీసుకుని ఏడ్చింది. నాన్న ఉద్యోగానికి ఏమీ కాలేదు.

ఆ తరవాతి శుక్రవారం అక్క ఎప్పటిలాగే పిల్లని తీసుకొచ్చింది. నేను మొహం చూపించలేక చెప్పుల స్టాండు దగ్గర నిలబడిపోతే తనే వచ్చి నా జడ సర్దింది. "ఏమిటికి జెప్పినావు పాపా, నీకు దెబ్బలు పడ్న్యా?" అంది. కాసేపాగి, "చెప్పి మంచి పనే చేసినావులే. నా బిడ్డకు ఇంగా చానా సదువుండాది" అంది. మేమిద్దరం కలిసి లోపలికి వెళ్ళాం. ఆ రోజు మాత్రం వంతులు లేవు.

జపాను అమ్మమ్మకి మొదటి చూపులోనే తెలుసట. ఎరుపు ఎంత పాకినా మధ్యలో వేలిముద్ర బుల్లిగానే ఉంది, పెద్దవాళ్ళ వేలు అలా ఉండదు. పైగా అక్క అయితే స్టూలు లాక్కోవాల్సిన పనేముంది? మరి మామాకి ఆ రోజే ఎందుకు చెప్పలేదని కొంత కోపంగానే అడిగాను. అక్క రెండు రోజులు పెట్టె సర్దుకుందే అన్నాను. ఆవిడ ఆ మాటకి నొచ్చుకుంది. అవును, ఆ రెండు రోజులూ నేను అక్కకి బాకీ అంది. ఆదివారం నువ్వు చెప్పకపోతే నేను చెప్పేసేదాన్ని, మామాతో ఆ సాయంత్రమే, అని కూడా అంది. కానీ నేను చెబితే నువ్వు దొరికిపోయిన పిల్లవి అవుతావు. నువ్వు చెబితే చెప్పిన పిల్లవి అవుతావు. ఆ ఒక్క తేడా కోసం రెండు రోజులు ఆగానంది. కుంటి ఇంగ్లీషులో, చేతులతో, ఈ మాట నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆవిడకి ఒక సాయంత్రం పట్టింది.

ఆ మచ్చ పోలేదు. పోగొట్టమని ఎవరైనా అంటే, మా ఊళ్ళో దేవుడి ఇంటిని కొన్నేళ్ళకోసారి విప్పేసి కొత్త చెక్కతో కడతారు, దీనికీ ఆ రోజు వస్తుంది, అప్పటిదాకా ఉండనీ అనేది. ఎరుపు మెల్లగా గోధుమరంగులోకి తిరిగింది. రెండేళ్ళ తరవాత వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు ఆ గుడిని తెల్లగుడ్డలో చుడుతూ నన్ను పిలిచి తలుపులు చూపించింది. దేవుడికి ఇప్పుడు నీ అడ్రసు బాగా తెలుసు అని నవ్వింది. నేను నవ్వలేదు, ఆ గుడ్డ ముడి వేస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను.

ఇప్పుడు నేనే తెల్లజుట్టు మనిషిని. మధ్యలో ఎక్కడెక్కడో తిరిగి, మళ్ళీ ఈ తీరానికే వచ్చి చేరాను. మహబూలాలో మా ఫ్లాటులో శుక్రవారం సాయంత్రం తలుపు తీసి పెడతాను. చుట్టుపక్కల మనవాళ్ళ పిల్లలు నలుగురైదుగురు వస్తారు. అలమరలో ఉన్న మా దేవుళ్ళ ముందు నిలబడి ముందు పేరు చెబుతారు, తరవాత ఇల్లు. ప్రతి కొత్త పిల్లా పిల్లాడూ, ఈ ఇల్లా, ఇండియా ఇల్లా అని అడుగుతారు. రెండూ చెప్పమంటాను. ఆ జవాబు నాది కాదు, అక్క నా చేత చెప్పించింది.

అక్క రాయచోటిలోనే ఉంది. కూతురు బడి పంతులమ్మ అయింది. ఫోను చేస్తే నా గొంతు చటుక్కున గుర్తుపడుతుంది, అయినా నేను ముందు నా పేరూ ఊరూ చెప్పాకే మాట మొదలుపెడతాను. ఆమె అవతల నవ్వుతుంది.

నేనేమీ మారిపోయిన మనిషిని కాను. పోయినేడు మా ఇంటికొచ్చే ఒక పిల్ల బడి కాగితాలు నా చేతిలోనే ఎక్కడో పోయాయి. అందరూ మా ఇల్లు తుడిచే అమ్మాయి వైపు చూశారు. ఆ అమ్మాయి నోరు విప్పేలోపు ఒక క్షణం నాకు మళ్ళీ ఆ హాయి తగిలింది, చీర కొంగు వెనక ఉన్నప్పటి హాయి. రెండడుగులు ముందుకి వేసి, ఆ అమ్మాయికి అడ్డంగా నిలబడి, నా పేరు చెప్పాను. నేనే పోగొట్టాను అన్నాను. భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు. కానీ ఆ ఆదివారం తరవాత నేను ఎవరినీ నా ముందు నిలబడనివ్వలేదు.